సంక్రాంతి గిరాకీకి ముందు: కొత్తగా తాళాల పని మొదలుపెట్టేవాళ్లకు

సంక్రాంతికి హైదరాబాద్‌లో వీధులకు వీధులు ఖాళీ అవుతాయి. ఊరెళ్లేవాళ్లు వెళ్లేముందు డూప్లికేట్ తాళంచెవి చేయించుకుంటారు. తిరిగొచ్చేవాళ్లలో కొందరు తాళంచెవి ఊళ్లోనే మర్చిపోయి వస్తారు. తాళాల పనికి మంచి గిరాకీ అప్పుడే, తాళం వేసిన ఇళ్లలో దొంగలు పడేదీ అప్పుడే. ఆ రోజుల్లో పోలీసు ఎవరైనా షాపుకొచ్చి అడిగితే చూపించడానికి కాగితాలుండాలి. డిసెంబరులోనే ఆ పని చూసుకోండి.

కావాల్సినవి ఏ చిన్న షాపుకైనా అవసరమయ్యేవే: జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాపు నమోదు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం చేసే నమోదు). ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం, దానికి వెయ్యి రూపాయలు అడిగే ఏజెంటు జోలికి పోకండి. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్‌టీ గొడవ ఉండదు.

అమెరికాలో న్యూజెర్సీ లాంటి చోట ఈ పనికి విడిగా లైసెన్సుంది, షూరిటీ బాండు (మన వల్ల కస్టమరుకు నష్టమైతే కడతామని ఒక కంపెనీ ఇచ్చే హామీ) కూడా చూపించాలి. మన దగ్గర వీధి షాపును అలాంటి బాండు ఎవరూ అడగరు. అపార్ట్‌మెంట్లు, ఆఫీసుల పని పట్టాలనుకుంటే మాత్రం లయబిలిటీ ఇన్సూరెన్స్, అంటే మన పని వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, తీసుకోండి. అందులో ఏ నష్టానికి డబ్బులిస్తారో, దేనికి ఇవ్వరో సంతకం పెట్టకముందే చదవండి.

నన్నడిగితే వీటన్నిటికంటే ముందు కొనాల్సింది ఒక లాంగ్ నోట్‌బుక్. తేదీ, టైము, ఇంటి అడ్రసు, పిలిచినవాళ్ల పేరు, ఫోను, చూపించిన గుర్తింపు కార్డు, తీసిన తాళం రకం, సంతకం. కాలిఫోర్నియాలో తాళం తీయించుకున్నవాళ్ల వివరాలు రెండేళ్లు దాచాలని చట్టమే ఉంది. మనమూ దాచుకుంటే పోయేదేముంది?

ఒకసారి నన్ను రాత్రి పదిన్నరకు మూడో అంతస్తు ఫ్లాటుకు పిలిచారు. "నా ఇల్లే, ఆధార్ లోపలుంది" అన్నాడాయన. తలుపు మీద ఇంకెవరిదో పేరుంది. వాచ్‌మన్‌ను పైకి పిలిచి, ఓనరుతో ఫోనులో మాట్లాడించాకే పిన్ను పెట్టాను. ఆయన నిజంగానే అద్దెకుంటున్నాడు. ఇరవై నిమిషాలు తిట్టుకుని ఉంటాడు, తిట్టుకోనీ.

సబ్బుముక్క మీద అద్దిన అచ్చు తెచ్చి తాళంచెవి చేయమంటే ఎంతిస్తామన్నా చేయకండి. వాట్సాప్ ఫొటో పంపినా అంతే. ఓనరు, అద్దెవాళ్ల తగాదాలో, విడిపోయిన భార్యాభర్తల మధ్యలో తలుపు తీయమంటే కోర్టు కాగితమో, పోలీసో ఉంటేనే కదలండి. అన్నదమ్ముల ఆస్తి గొడవైతే బండి స్టాండు కూడా తీయొద్దు.

చేసిన డూప్లికేట్ మీద ఇంటి నంబరు రాయకండి. మన దగ్గర కాపీ ఉంచుకోకూడదు. తాళంకప్పకు డ్రిల్లు పెట్టాల్సి వస్తే, కొత్తదాని ధర ముందే చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. పండక్కి కుర్రాణ్ణి పెట్టుకుంటున్నారా? పోలీస్ వెరిఫికేషన్ అయ్యేదాకా వాణ్ణి షాపులోనే ఉంచండి, ఒంటరిగా ఇళ్లకు పంపొద్దు.