టొరంటో మేయర్ పదవికి ఉప ఎన్నిక వస్తే ఓటు వేయడం ఎలా

మా విశాఖలో మేయర్‌ను మార్చే పని కార్పొరేటర్లది. 2025 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానంతో ఒకరిని దించి, అదే నెలలో మరొకరిని ఎన్నుకున్నారు. టొరంటోలో మేయర్‌ను ఎన్నుకునే హక్కు నేరుగా ఓటరుదే. 2023 ఫిబ్రవరిలో అప్పటి మేయర్ జాన్ టోరీ రాజీనామా చేశాక, జూన్ 26న నగరమంతా మళ్లీ ఓటు వేసింది. కెనడా పౌరసత్వం వచ్చాక మా అమ్మ వేసిన మొదటి ఓటు అదే. ఆమెకు తోడు వెళ్లినప్పుడు తెలుసుకున్నవి చెబుతున్నాను.

కెనడా పౌరులై, 18 ఏళ్లు నిండి ఉండాలి. శాశ్వత నివాసం ఎన్నేళ్లుగా ఉన్నా సరిపోదు. నగరం బయట ఉంటున్నా, టొరంటోలో మీకు సొంత ఇల్లుంటే ఓటుంటుంది.

గుర్తింపు పత్రం దగ్గరే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. దానిపై మీ పేరూ, టొరంటో చిరునామా రెండూ ఉండాలి. ఫోటో అక్కరలేదు. అమ్మ పాస్‌పోర్టు తీసి పెట్టుకుంది, కానీ అందులో చిరునామా అచ్చు వేసి ఉండదు. బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకెళ్లాం. కరెంటు బిల్లయినా పనికొస్తుంది. జాబితాలో పేరు లేకపోయినా వెనక్కి రావద్దు, పత్రం చూపి అక్కడే చేర్పించుకోవచ్చు.

ఇక బ్యాలెట్. ఆ ఎన్నికలో 102 మంది పోటీ చేశారు. పార్టీ పేర్లుండవు, మన చెయ్యి, సైకిలు, ఫ్యాను లాంటి గుర్తులూ ఉండవు. పేర్లన్నీ ఇంటిపేరు ప్రకారం అక్షరక్రమంలో ఉంటాయి. ఆ ఎన్నికలో గెలిచిన ఒలీవియా చౌ కోసం 'ఓ' దగ్గర వెతికితే దొరకదు, 'సి' దగ్గర చూడాలి. అందుకే ఇంట్లోనే నిర్ణయించుకుని, అభ్యర్థి ఇంటిపేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారో చూసుకుని వెళ్లండి. రద్దీ వద్దనుకుంటే ముందస్తు ఓటింగు ఉంటుంది. 2023లో అది జూన్ 8 నుంచి 13 వరకు జరిగింది.

ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అనుకోకండి. సగం ఓట్లు రానక్కరలేదు, అందరికంటే ఎక్కువ వస్తే గెలిచినట్టే. చౌకు వచ్చినవి 37 శాతం, ఆధిక్యం సుమారు 34 వేలు. బస్సు సర్వీసులు, ఇంటి పన్ను, మంచు తొలగింపు గురించి రోజూ ఇంట్లో మాట్లాడుకునే మనం ఆ రోజు ఆగిపోకూడదు.

పెద్దవాళ్లకు చదవడం కష్టమైతే తోడు వెళ్లవచ్చు. ఓటరు చెప్పినట్టే గుర్తు పెడతానని, ఆ ఓటు రహస్యంగా ఉంచుతానని ముందుగా ప్రమాణం చేయాలి. నేను చేశాను. అమ్మ వేలితో చూపిన పేరు పక్కన గుర్తు పెట్టి, ఆమె మరోసారి సరిచూసుకునేదాకా ఆగి, కాగితం ఆమె చేతికే ఇచ్చాను.