గన్ షాపులో ‘డిలేడ్’ అన్నారా? ఎక్కడ ఆగిందో, ఏం చేయాలో

గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది, అమెరికాలో డల్లాస్ దగ్గర ఒక గన్ షాపుకి వెళ్లాను. తుపాకి కొనేవాళ్లు నింపాల్సిన ఫెడరల్ ఫారం 4473 నింపి, డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చాను. కౌంటర్లో ఆయన వివరాలు కంప్యూటర్లో కొట్టి, కాసేపు తెర వైపు చూసి, ‘డిలేడ్ వచ్చింది’ అన్నాడు. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఇంటికొచ్చే దారంతా ఒకటే టెన్షన్. నా మీద ఏమైనా కేసుందా? గ్రీన్ కార్డుకి ఇబ్బంది వస్తుందా? మా ఆవిడ అయితే పోలీసులు ఇంటికొస్తారేమోనని రాత్రి నిద్రపోలేదు. ఎవరూ రాలేదు. నాలుగో రోజు షాపు నుంచి ఫోన్ వచ్చింది, ‘ప్రొసీడ్’ అని, అంటే తుపాకి ఇవ్వొచ్చని.

ఆ నాలుగు రోజులూ నాకు చెప్పేవాళ్లు లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం. లైసెన్సున్న డీలరు మన వివరాలు పంపేది ఎఫ్‌బీఐ నడిపే, కొనేవాళ్ల పాత రికార్డులు చెక్ చేసే నిక్స్ అనే వ్యవస్థకి. అది వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌లో ఉంది. 1993 నాటి బ్రేడీ చట్టం కింద 1998 నవంబరు 30న మొదలైంది. కొన్ని రాష్ట్రాల్లో రాష్ట్ర పోలీసులే ఈ చెక్ చేస్తారు. వచ్చే జవాబులు మూడే: ప్రొసీడ్, డిలేడ్, డినైడ్ (ఇవ్వకూడదు). కారణం షాపువాళ్లకి చెప్పరు. కాబట్టి కౌంటర్లో ఉన్నాయనతో వాదించి లాభం లేదు, ఆయనకి నిజంగానే తెలియదు.

సమస్య: చెక్ పంపకుండానే ‘ఈ ఐడీ పనికిరాదు’ అంటున్నారు

దాదాపు ఎప్పుడూ అడ్రసే. అపార్ట్‌మెంట్ మారి ఉంటాం, లైసెన్సు మీద పాతది ఉంటుంది. ఫారంలో ఇప్పుడు ఉంటున్న ఇంటి చిరునామా కావాలి, పోస్టు బాక్సు నంబరు ఒప్పుకోరు. లైసెన్సులో అడ్రసు మార్పించుకోవడం మేలు. అంతదాకా ఆగలేకపోతే, కొత్త అడ్రసున్న మరో ప్రభుత్వ పత్రం, ఉదాహరణకి కారు రిజిస్ట్రేషన్, వెంట తీసుకెళ్లండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లని కొన్నిచోట్ల ‘ఈ రాష్ట్రంలో 90 రోజులున్నట్టు రుజువు’ అడుగుతారు. ఆ ఫెడరల్ నిబంధన 2012లోనే పోయింది. మర్యాదగా చెప్పండి, వినకపోతే వేరే షాపు చూసుకోండి.

సమస్య: ‘డిలేడ్’ అని వచ్చింది

డిలేడ్ అంటే కాదనడం కాదు. మన పేరుకో పుట్టిన తేదీకో దగ్గరగా ఉన్న రికార్డు ఏదో కనిపించింది, మనిషి కూర్చుని చూడాలి అని అర్థం. మనవాళ్లకి ఇది ఎందుకు వస్తుందంటే, మన పేర్లు, తేదీలు అలాంటివి.

పేరు సంగతి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, లైసెన్సులో చోటు చాలక సగం, పేరోల్‌లో ఒక్క అక్షరం. ఇంటిపేరు రాయని పాత పాస్‌పోర్టుతో వచ్చినవాళ్లకి ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వీసా మీద పడి, అది ఏళ్ల తరబడి రికార్డుల్లో తోకలా వెంటపడుతుంది. ఇక శ్రీనివాస్, కుమార్, రెడ్డి, రావు అంటే ఎంతమంది ఉంటారో చెప్పక్కర్లేదు. తేదీ సంగతి కూడా అంతే. అమ్మ చెప్పే పుట్టినరోజు ఒకటి, బడిలో చేర్చేటప్పుడు మాస్టారు రాసింది ఇంకొకటి. ఫారంలో లైసెన్సు మీదున్న తేదీయే రాయాలి.

నేను చేసిన పొరపాటు: సోషల్ సెక్యూరిటీ నంబరు గడి ‘ఆప్షనల్’ అని ఉంటే ఖాళీగా వదిలేశాను. రాయకపోవడం తప్పు కాదు. కానీ ఒకే పేరున్న ఇద్దరిని వేరు చేయడానికి పనికొచ్చేది ఆ తొమ్మిది అంకెలే. మధ్య పేరు గడిలో ఇనిషియల్ ఒక్కటే రాసి ఊరుకున్నాను. అక్షరం ఒక్కటే ఉంటే దాని పక్కన ‘ఐఓ’ అని, మధ్య పేరే లేకపోతే ‘ఎన్ఎంఎన్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయమని ఫారం సూచనల్లోనే ఉంది. రెండోసారి ఇవన్నీ సరిగ్గా నింపితే నిమిషాల్లో ప్రొసీడ్ వచ్చింది. అదే కారణమని నాకెవరూ చెప్పలేదు, కానీ నేను మార్చింది అవే.

సిటిజన్లు కానివాళ్లకి ఇంకో మెట్టు ఉంది: ఇమిగ్రేషన్ రికార్డులు కూడా చూస్తారు. గ్రీన్ కార్డు మీదున్న నంబరు ఫారంలో తప్పక రాయాలి. కార్డు ఇంట్లో పెట్టి వెళ్లి, గుర్తున్నంతవరకు రాయొద్దు.

మరో కారణం, పాత అరెస్టు. ఎప్పుడో ఇంట్లో గొడవైతే పక్కవాళ్లు 911కి ఫోన్ చేశారు, పోలీసులు తీసుకెళ్లారు, తర్వాత కోర్టు కేసు కొట్టేసింది. అరెస్టు రికార్డులో ఉంటుంది, కొట్టేసిన సంగతి ఎక్కకపోవచ్చు. ఆ కౌంటీ కోర్టు క్లర్కు ఆఫీసుకి వెళ్లి తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుని దాచుకోండి. అయితే గృహహింస కేసులో శిక్ష పడినా, భార్యనో భర్తనో బెదిరించినందుకు కోర్టు రక్షణ ఉత్తర్వు అమల్లో ఉన్నా కొనడానికి వీల్లేదు. అలాంటి ఉత్తర్వులున్నవాళ్ల మీద నిషేధం సరైనదేనని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అక్కడ వెతుక్కోవాల్సిన పరిష్కారం ఏదీ లేదు.

సమస్య: మూడు రోజులైంది, జవాబు లేదు

మూడు పనిదినాలు లెక్క. చెక్ పంపిన రోజు లెక్కలోకి రాదు. గురువారం పంపితే శుక్ర, సోమ, మంగళ గడిచాక బుధవారం నుంచి జవాబు రాకపోయినా డీలరు తుపాకి ఇవ్వొచ్చు. ‘ఇవ్వొచ్చు’ అంతే, ఇచ్చి తీరాలని లేదు. ప్రొసీడ్ వస్తేనే ఇస్తామనే షాపులూ ఉన్నాయి. నాకైతే అదే నచ్చుతుంది. 2015లో సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడి చేతికి తుపాకి వచ్చింది ఈ మూడు రోజుల గడువు దాటడం వల్లే. 21 ఏళ్లలోపు వాళ్ల విషయంలో, అనుమానించాల్సిన పాత రికార్డు కనిపిస్తే, ఈ గడువును 10 పనిదినాల దాకా పెంచుతూ 2022లో చట్టం వచ్చింది. ఒక చెక్ అది పంపిన రోజు నుంచి 30 రోజులే పనికొస్తుంది, దాటితే మళ్లీ మొదటినుంచి చేయాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా ఇవ్వడం లేదంటే మీ రాష్ట్ర చట్టం చూడండి. కాలిఫోర్నియాలో ఎవరికైనా 10 రోజులు ఆగాల్సిందే. ఇల్లినాయిలో ముందు ఫాయిడ్ కార్డు (తుపాకి ఉంచుకోవడానికి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉండాలి.

సమస్య: కొన్న ప్రతిసారీ డిలే

ఎఫ్‌బీఐ దగ్గర వాలంటరీ అప్పీల్ ఫైల్ అని ఒకటుంది. వేలిముద్రలతో దరఖాస్తు పెట్టుకుంటే, ఆమోదించాక యూపిన్ అనే నంబరు ఇస్తారు. ప్రతి ఫారంలో దానికో గడి ఉంటుంది, అందులో రాయాలి. టెక్సస్‌లో ఎల్‌టీసీ (తుపాకి వెంట పెట్టుకోవడానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు) ఉన్నవాళ్లకి షాపులో ఈ చెక్ అవసరం పడదు, ఫారం మాత్రం నింపాలి.

సమస్య: ‘డినైడ్’ అన్నారు

ఆ రోజే ఇంకో షాపుకి పరిగెత్తొద్దు. తిరస్కరించిన సంగతి స్థానిక పోలీసులకి 24 గంటల్లో తెలియజేయాలని 2022 చట్టం. షాపువాళ్ల దగ్గర ట్రాన్సాక్షన్ నంబరు తీసుకుని, కారణం చెప్పమని ఎఫ్‌బీఐకి ఆన్‌లైన్లో రాయండి. రాష్ట్రమే చెక్ చేసిన చోట ఆ రాష్ట్ర సంస్థకి రాయాలి. ఆ రికార్డు మీది కాదనుకుంటే వేలిముద్రలు, కోర్టు కాగితాలు జతచేసి అప్పీలు చేయండి.

సమస్య: వీసా మీద ఉన్నాను, ఫ్రెండ్ కొనిస్తానంటున్నాడు

ఇది మాత్రం దయచేసి చేయొద్దు. హెచ్-1బీ, ఎఫ్-1, ఎల్-1 వీసాల మీద ఉన్నవాళ్లు కొనకూడదు, దగ్గర ఉంచుకోనూ కూడదు. చట్టబద్ధమైన వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి కానీ, ఇమిగ్రేషన్ లాయరుని అడగకుండా వాటి మీద ఆధారపడొద్దు. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉండి ఈఏడీ (పని అనుమతి) కార్డు చేతికొచ్చినంత మాత్రాన గ్రీన్ కార్డు వచ్చినట్టు కాదు. ‘ఇది నీ కోసమే కొంటున్నావా?’ అని ఫారంలో ఉంటుంది. అక్కడ అవునని రాసి మీకు ఇచ్చిన ఫ్రెండుకి 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. గ్యాస్ స్టేషన్లో పనిచేసే మన పిల్లలు మరీ జాగ్రత్తగా ఉండాలి. రాత్రి షిఫ్టులో భయం వేస్తుంది, అర్థమవుతుంది. కానీ కౌంటర్ కింద ఓనరు పెట్టిన తుపాకి మీద చెయ్యి వేయొద్దు. ‘నేను వీసా మీద ఉన్నాను, ఇది ఇక్కడుంటే నేను ఈ షిఫ్టు చేయలేను’ అని ఓనరుకి మొదటి రోజే చెప్పండి.