రీసైకిల్ బిన్‌లో మొండికేసిన వైరస్ ఫైల్

యాంటీవైరస్ రోజూ అదే ఫైల్ పేరు చెప్పి గోల చేస్తుంది, రీసైకిల్ బిన్ తెరిచి చూస్తే మాత్రం ఖాళీ. మా ఇంట్లో ఈ తంతు వారం నడిచాక తెలిసింది, అది నా బిన్‌లో లేనే లేదు, మావాడి అకౌంట్‌లో ఉంది. విండోస్‌లో ప్రతి డ్రైవ్‌లోనూ పైకి కనపడని రీసైకిల్ బిన్ ఫోల్డర్ ఒకటి ఉంటుంది, అందులో ఒక్కో యూజర్‌కి ఒక్కో అర, పైగా డిలీట్ చేసిన ఫైల్ పేరు కూడా మారిపోయి డాలర్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలవుతుంది, అందుకే పాత పేరుతో వెతికితే దొరకదు.

ముందు కంప్యూటర్‌లో ఎన్ని అకౌంట్లు ఉంటే అన్నింట్లోకీ వెళ్లి బిన్ ఖాళీ చేయండి. అప్పటికీ పోకపోతే షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా మళ్లీ రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది (బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్, ఉంటే దాని రికవరీ కీ దగ్గర పెట్టుకోండి, మధ్యలో అడగొచ్చు). ఫైల్‌ని పట్టుకుని వదలని ప్రోగ్రామ్‌లు చాలావరకు అక్కడ నడవవు కాబట్టి అప్పుడు ఖాళీ చేస్తే సాధారణంగా పోతుంది.

లోపల ఏముందో చూద్దామని రిస్టోర్ మాత్రం కొట్టకండి బాబూ. బిన్ ఖాళీ అయ్యాక యాంటీవైరస్‌తో ఒక ఫుల్ స్కాన్, టైమ్ పడుతుంది, రాత్రి పడుకునే ముందు పెట్టేయండి.