రోహిణి కార్తెలో నారుమడి: వానాకాలం కూరగాయలకు ఎండల చివర చేయాల్సిన పని

వానలు మొదలయ్యాక విత్తనాల దుకాణానికి పరిగెత్తేవాళ్ళే ఎక్కువ. బెండ, బీరలకు అది సరిపోతుంది. వంగ, టమాటా, మిరపలకు మాత్రం అప్పటికే ఆలస్యమైనట్టు. టమాటా నారు నాటడానికి అందిరావాలంటే కనీసం 25 రోజులు పడుతుంది. వంగకు 30 నుంచి 35, మిరపకు 40 రోజుల దాకా కావాలి. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వచ్చేసరికి నేల తడిసి, ఎండ తగ్గి ఉంటుంది. ఆ కార్తెలో నారు చేతికి రావాలంటే మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె రాగానే పోసేయాలి. రోళ్ళు పగిలే ఎండలో విత్తనాలు వేయడమేంటని చాలామంది జంకుతారు. ఆ ఎండలో మనం చేసేది మొలిపించడమే, అదీ నీడ కింద. నాటేది చల్లబడ్డాకే.

కావాల్సినవి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, రెండు గుప్పెళ్ళ వేపపిండి. సన్నటి చిల్లులున్న రోజ్ క్యాన్. 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ ముక్క, లేదంటే పాత నూలుచీర. కాస్త వరిగడ్డి. ఇంటికి మూడు రకాలూ కలిపి మీటరు పొడవు, మీటరు వెడల్పు మడి చాలు. డాబా మీద పెంచేవాళ్ళు అడుగున చిల్లులున్న వెడల్పాటి ట్రే వాడుకోండి.

విత్తనాల్లో సూటి రకాలే, అంటే హైబ్రిడ్ కానివే, తీసుకోండి. టమాటాలో అర్క వికాస్, వంగలో భాగ్యమతి లేదా మీ ఊళ్ళో దొరికే గుత్తివంకాయ రకం. హైబ్రిడ్ కాయ నుంచి తీసిన విత్తనం తల్లి మొక్కలా రాదు, ఏటా కొనాల్సిందే. పెరటి తోటకు అది నప్పదు.

మడిని నేలకంటే 15 సెంటీమీటర్ల ఎత్తుగా కట్టండి. చదునుగా ఉన్న మడి నారుమడే కాదు. ఒక్క వాన పడితే చెరువైపోతుంది. విత్తనాలకు చిటికెడు ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్ళను అడ్డుకునే మేలైన శిలీంధ్రం) పొడి పట్టించి, 5 సెంటీమీటర్ల ఎడంతో గీసిన గీతల్లో, సెంటీమీటరు లోతున వేయండి. పైన సన్నటి మట్టి చల్లి, వరిగడ్డి పరిచి, నీళ్ళు చిలకరించండి. విత్తనాలను గుప్పిట్లో పోసి వెదజల్లవద్దు. చిక్కగా మొలిచిన చోట గాలి ఆడదు. రాబోయే తిప్పలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి.

ప్రోట్రేలు (చిన్న చిన్న గుంటలున్న నారు ట్రేలు), కొబ్బరిపొట్టు వాడకూడదా అని అడుగుతుంటారు. నారు అమ్ముకునేవాళ్ళకు అవి మంచివే, వాళ్ళకు షేడ్ హౌస్ ఉంటుంది, రోజంతా చూసుకునే మనుషులు ఉంటారు. ఇంట్లో, రోహిణి కార్తెలో, ఆ చిన్న గుంటలో ఉన్న పొట్టు మధ్యాహ్నానికే ఎండిపోతుంది. ఎండిందని మళ్ళీ పోస్తారు, అడుగున నానుతుంది. మట్టి మడిలో తేమ నిలకడగా ఉంటుంది. ఇంటికి మట్టి మడే పెట్టుకోండి.

ఇక అసలు సంగతికి వద్దాం. టమాటా ఐదు నుంచి ఏడు రోజుల్లో, వంగ వారం పది రోజుల్లో, మిరప ఇంకాస్త ఆలస్యంగా మొలుస్తాయి. ఆ తర్వాతి రెండు వారాల్లోనే చాలా ఇళ్ళలో నారు పోతుంది. కారణం నారుకుళ్ళు. శిలీంధ్రాలను పోలిన పిథియం లాంటి సూక్ష్మజీవులు మట్టిలో ఎప్పుడూ ఉంటాయి. మట్టి అదేపనిగా తడిగా ఉంటే వాటి బీజాలు ఆ నీటి పొరలో ఈదుకుంటూ వచ్చి, లేత కాండాన్ని నేల మట్టానికి పట్టుకుంటాయి. అక్కడ కాండం నీరుకారి, దారంలా సన్నబడి, మొలక పక్కకు ఒరిగిపోతుంది.

అందరూ పొరబడేది ఇక్కడే. ఒరిగిన మొలకను చూసి, ఎండకు వాడిపోయిందనుకుని ఇంకో డబ్బా నీళ్ళు పోస్తారు. సాయంత్రానికి పక్కవీ పడిపోతాయి. దప్పికకు, కుళ్ళుకు తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. దప్పికైన మొలకకు ఆకులు వేలాడతాయి, కాండం నిలబడే ఉంటుంది, చల్లబడగానే ఆకులు లేస్తాయి. కుళ్ళు పట్టిన మొలక ఆకులు పచ్చగా ఉండగానే మొత్తంగా పడిపోతుంది. వంగి చూస్తే కాండం మొదలు దగ్గర గోధుమరంగు నొక్కు కనిపిస్తుంది. నీళ్ళ డబ్బా ఎత్తేముందు ప్రతిసారీ వంగి చూడండి.

మొలిచేదాకా పైమట్టిని ఆరనివ్వకూడదు. మొలిచాక మాత్రం పైపొర ఆరుతూ ఉండాలి. ఈ మార్పు ఒక్కరోజులో జరగాలి. సగం విత్తనాలు మొలకెత్తగానే, మిగతా వాటికోసం చూడకుండా, ఆ సాయంత్రమే గడ్డి తీసేయండి. ఇంకో రెండు రోజులు ఉంచితే మొలకలు వెలుతురు కోసం పొడవుగా సాగి, తెల్లగా, బలహీనంగా అవుతాయి. అప్పటినుంచి నీళ్ళు పొద్దున ఏడు లోపే పోయండి. మధ్యాహ్నం వేలు గుచ్చి చూడండి. వేలి మొదటి కణుపు దాకా పొడిగా ఉంటేనే ఇంకొన్ని చిలకరించండి. సాయంత్రం పోయనే వద్దు, తడి రాత్రంతా నిలిచిపోతుంది.

నెట్‌ను మడి మీద కప్పేయకుండా, రెండు మూడు అడుగుల ఎత్తున పందిరిలా కట్టి పక్కలు తెరిచి ఉంచండి. మొలిచిన పదో రోజు నుంచి, పొద్దున తొమ్మిదింటిదాకా నెట్ తీసి ఎండ తగలనివ్వండి. చిక్కగా ఉన్న చోట బలహీనమైన వాటిని కత్తెరతో కోసేయండి. పీకితే పక్కవాటి వేర్లు కదులుతాయి.

అయినా కుళ్ళు కనిపిస్తే, పడినవాటిని చుట్టూ ఉన్న చారెడు మట్టితో సహా తీసి దూరంగా పారేయండి. ఆ రోజుకు నీళ్ళు ఆపండి. మర్నాడు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి, మొదళ్ళు తడిసేలా పోయండి. ఇది వాడాక మళ్ళీ ట్రైకోడెర్మా వేయవద్దు, ఆ మేలు చేసే శిలీంధ్రాన్నీ ఇది దెబ్బతీయొచ్చు. బూడిద చల్లమని చెప్పేవాళ్ళుంటారు. బూడిద పైపొరను కాస్త ఆరబెడితే ఆరబెట్టొచ్చు, కింద నీళ్ళు నిలిచిన మడిని మాత్రం బాగుచేయదు. ప్రతి ఏడూ ఇదే ఇబ్బంది వస్తుంటే, వచ్చే ఏప్రిల్‌లో మడిని తడిపి, పారదర్శకమైన పాలిథిన్ పట్టా కప్పి, అంచుల మీద మట్టి పోసి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. ఎండవేడికి తెగులు చాలావరకు చస్తుంది. నల్ల పట్టాతో అంత వేడి పుట్టదు.

ఈ గండం గడిస్తే మిగతాదంతా తేలిక. నాటడానికి నాలుగు రోజుల ముందు నీళ్ళు తగ్గించి, నెట్ పూర్తిగా తీసేయండి. పీకే గంట ముందు మాత్రం మడిని బాగా తడపండి. మబ్బు పట్టిన రోజున గానీ, సాయంత్రం గానీ నాటాలి. వంగకు అన్నివైపులా 60 సెంటీమీటర్ల ఎడం, టమాటా, మిరపలకు వరసల మధ్య 60, మొక్కల మధ్య 45. సాగిపోయిన నారును జాలిపడి నాటవద్దు.

తీగజాతి వాటికి నారు పోయకండి. సొర, బీర, కాకర, పొట్లల వేర్లు కదిలితే కోలుకోవడానికి చాలా రోజులు పడుతుంది. మంచి వాన పడ్డాక, రాత్రంతా నానబెట్టిన గింజలను పాదుకు మూడు చొప్పున రెండు సెంటీమీటర్ల లోతున పెట్టండి. కాకర గింజ పెంకు గట్టిది, దాన్ని ఒక రోజంతా నానబెట్టండి. బెండ, గోరుచిక్కుడు కూడా నేరుగా నేలలోనే. పందిరి చిక్కుడుకు తొందర లేదు. పాతకాలపు రకాలు పగటి నిడివి తగ్గాకే పూస్తాయి కాబట్టి ఆగస్టు లోపు ఎప్పుడు పెట్టినా కాయలు చలికాలానికే వస్తాయి. ఈలోగా ఆ పందిరి మీద బీరను పాకించుకోండి.