ఓరుగల్లు కొత్త గొంతులకు తోడ్పడే విధానం

జనగామ, ములుగు, వరంగల్ పల్లెల్లో ఒగ్గుకథ, డప్పు, బతుకమ్మ పాట వింటూ పెరిగిన గాయకులకు కొదవ లేదు. వారికి తోడ్పడదలచినవారు స్టూడియో కన్నా ముందు ఒప్పందం గురించి ఆలోచించాలి.

సాహిత్యం, బాణీ, రికార్డింగు అనే మూడింటికీ చట్టం వేర్వేరు హక్కులు ఇస్తుంది కనుక, పాట ఎవరు రాశారో, బాణీ ఎవరు కట్టారో, ఖర్చు ఎవరు పెట్టారో విడుదలకు ముందే రాసుకొని అందరి సంతకాలు తీసుకోవాలి. హక్కుల బదలాయింపు పత్రంలో గడువు లేకపోతే 1957 నాటి కాపీరైట్ చట్టం దానిని 5 ఏళ్లుగా భావిస్తుంది. అందువల్ల యూట్యూబ్ చానల్ వారు ‘శాశ్వతంగా’ అన్న మాట చేర్చమంటే, న్యాయవాదికి చూపించే వరకు సంతకం చేయరాదు. ఒక్క సంతకంతో తన పాటను పూర్తిగా వదులుకున్న కుర్రవాణ్ణి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తరతరాల జానపదం ఎవరి సొంతమూ కాదు. అయినా దానిని నేర్పిన అవ్వ పేరు, ఊరు వీడియో వివరణలో రాయాలి. వచ్చిన ఆదాయంలో ఆమెకు వాటా ఇవ్వడం ధర్మమని నా అభిప్రాయం.

రికార్డింగుకు నిశ్శబ్దమైన గది, ఒక మంచి మైకు చాలు.

హనుమకొండలో 2024లో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం వంటి పెద్ద వేదికకు ముందు, కళాశాల వార్షికోత్సవాల్లోనూ బతుకమ్మ తొమ్మిది రోజుల్లోనూ వాడకట్టు జనం ఎదుట పాడించాలి; ఆకాశవాణి ఆడిషన్‌కు కూడా దరఖాస్తు చేయించాలి. వాద్యకారుల పారితోషికం మాత్రం కార్యక్రమం ముగిసిన రాత్రే చేతికి ఇవ్వాలి.