లావెండర్ పక్కన మల్లె వద్దు, మరువం పెట్టండి

రెండేళ్ల కిందట నేను చేసిన పని చెప్తాను, మీరు మాత్రం చేయకండి. మేడ మీద పెద్ద సిమెంటు తొట్టి ఖాళీగా కనిపించేసరికి, వాసన మొక్కలన్నీ ఒకేచోట ఉంటే ఎంత బాగుంటుందో అనుకుని లావెండర్, పుదీనా, గుండుమల్లె మూడూ అందులోనే నాటేశాను. మార్చి ఎండలకి మధ్యాహ్నానికల్లా పుదీనా తల వాల్చేసేది, పాపం అనిపించి రోజూ నీళ్లు పోసేదాన్ని. మల్లె మొగ్గ తొడిగింది, పుదీనా తొట్టంతా పాకింది, లావెండర్ మాత్రం కింది ఆకుల నుంచి నల్లబడుతూ వచ్చింది. ఎండకి వాడిపోతోందేమోనని దానికి ఇంకో చెంబు ఎక్కువ పోశాను! చివరికి పీకి చూస్తే వేళ్లు మెత్తగా చివికిపోయి, మురుగు వాసన.

కాబట్టి జోడీ వెతికేటప్పుడు వాసన సంగతి తర్వాత, ముందు దాహం సంగతి చూడండి. లావెండర్ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల రాతి గుట్టల మీద పెరిగే మొక్క, అక్కడ వేసవిలో వానలు దాదాపు ఉండవు, మట్టిలో సారం కూడా అంతంత మాత్రమే. మన దగ్గర దాన్ని ఎండ కంటే ఉక్కపోత, ఎడతెగని వానే ఎక్కువ చంపుతాయి. జమ్మూ ప్రాంతంలోని భదర్వాహ్‌లో రైతులు పొలాల్లోనే వేస్తున్నారు గానీ అక్కడి చలి వేరు. హైదరాబాద్‌లో అయితే నర్సరీకి వెళ్లినప్పుడు ఆకు అంచు చూసి కొనండి. రంపపు పళ్లలా సన్నటి నొక్కులుంటే అది ఫ్రెంచ్ లావెండర్ అని అమ్మే రకం, ఇంగ్లిష్ రకం కంటే మన వేడిని బాగా తట్టుకుంటుంది.

జోడీ మొక్కని కూడా ఆకు చూసే చాలావరకు చెప్పేయొచ్చు. ఆకు సన్నగానో చిన్నగానో ఉండి, బూడిద రంగులో, వేలితో రుద్దితే నూగు తగులుతుంటే అది నీళ్లు తక్కువ తాగే మొక్క అయ్యుంటుంది. వెడల్పాటి, పల్చటి పచ్చని ఆకైతే అనుమానించండి.

నా ఓటు మరువానికే. పూలమాలల్లో చూసి చూసి మనదే అనుకుంటాం గానీ అదీ సైప్రస్, టర్కీ వైపు మొక్కే, లావెండర్‌కి చుట్టం, రెండూ తులసి కుటుంబమే. పూలకొట్లో తాజా కట్ట దొరికితే నాలుగంగుళాల కొమ్మలు తుంచి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో పెట్టండి. నేను ఆరు గుచ్చితే రెండు బతికాయి, చాలవూ? లావెండర్ కంటే కాస్త ఎక్కువ తడి అడుగుతుంది కాబట్టి విడి కుండీలో పక్కనే పెట్టడం మేలు, చివర్లు కత్తిరిస్తూ ఉంటే గుబురుగా వస్తుంది.

దవనం కూడా బాగా కుదురుతుంది, వెండి రంగు ఆకు, తీపి కలిసిన ఘాటు వాసన. కాకపోతే అది చలికాలపు పంట, అక్టోబర్, నవంబర్లలో విత్తుకుంటే ఎండాకాలం మొదలయ్యేసరికి దాని పని అయిపోతుంది. రోజ్‌మేరీకి కావాల్సినవీ లావెండర్‌కి కావాల్సినవీ దాదాపు ఒకటే, కానీ మూడడుగులు దాటి పెరుగుతుంది, దానికి వేరే కుండీ ఇవ్వాల్సిందే. ఒకే కుండీలో కలిపి పెంచాలని ముచ్చటపడితే థైమ్ అనే చిన్న ఆకుల వాసన మొక్క వేయండి, పద్నాలుగు అంగుళాల మట్టికుండీలో నడుమ లావెండర్, అంచున థైమ్, అది బయటికి వాలుతూ పాకుతుంది. మట్టిలో మూడో వంతు ముతక ఇసుక కలపండి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) జోలికి ఎక్కువ వెళ్లకండి, తడి పట్టి ఉంచుతుంది. రెండంగుళాల లోతు దాకా వేలు దించి, పొడిగా తగిలితేనే నీళ్లు.

మల్లె, సన్నజాజి, గులాబీలకి నీళ్లూ కావాలి, ఎరువూ కావాలి, వాటిని కుళాయి వైపు ఉంచుకోండి. రేరాణి సంగతైతే చెప్పనక్కర్లేదు, అది పూసిన రాత్రి ఇంకే వాసనా ముక్కుకి ఆనదు, మేడకి ఆ చివర పెట్టండి. లావెండర్, మరువం, దవనం వాసన ఆకులోనూ ఉంటుంది, తాకితే బయటికొస్తుంది, అందుకే నేను వాటిని బట్టలారేసే తీగ కిందికి మార్చాను. దుప్పటి తీసినప్పుడల్లా కొసలు వాటిని రాసుకుంటూ వస్తాయి.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడకముందే ఈ కుండీలన్నీ సజ్జ కిందికి జరపండి, కింద పళ్లాలుంటే తీసేయండి.