సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతున్నాయా? వాపు వేళను బట్టి కారణం, పరిష్కారం

సిరిసిల్లలో మరమగ్గాల మధ్య షిఫ్టంతా నిలబడేవారు, జగిత్యాల వైపు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టే మహిళలు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీలు, హన్మకొండ బడుల్లో బోర్డు ముందు నిలబడే టీచర్లు. పనులు వేరైనా బాధ ఒకటే. పొద్దు వాలేసరికి పిక్కలు బరువెక్కుతాయి, చీలమండల దగ్గర వాపు తేలుతుంది. చాలామంది దీన్ని నరాల బలహీనత అనుకుని బి12 మాత్రలు మింగుతారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల సూది వేయించుకుంటారు. ఆ నొప్పుల సూదుల్లో, నొప్పి మాత్రల్లో చాలావాటికి ఒంట్లో నీరు నిలిపే గుణం ఉంది కాబట్టి వాపు ఇంకా పెరగవచ్చు.

గుండె నుంచి పాదానికి రక్తం దిగడం తేలిక, తిరిగి ఎక్కడమే కష్టం. అందుకు నడిచేటప్పుడు బిగిసే పిక్క కండరం, రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిరల్లో పైవైపుకే తెరుచుకునే కవాటాలు సాయపడతాయి. బావి మోటారుకు ఫుట్‌వాల్వు పాడైతే పైకెక్కిన నీళ్లు మళ్లీ బావిలోకే జారినట్లు, కవాటం సరిగా మూసుకోకపోతే రక్తం కిందికి జారి నిలిచిపోతుంది. అధిక బరువు, వరుస కాన్పులు, వయసు, ఇంట్లో పెద్దవాళ్లకు ఈ జబ్బు ఉండటం దీన్ని పెంచుతాయి.

మందుల షాపుకు వెళ్లే ముందు రెండు మూడు రోజులు వాపు ఏ వేళకు వస్తోందో, ఏ వేళకు తగ్గుతోందో చూసుకోండి. సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

సాయంత్రం వాపు, తెల్లవారేసరికి మాయం

ఇది సిరల పనే అయ్యే అవకాశం ఎక్కువ. పిక్క మీద మెలికలు తిరిగిన నీలపు నరాలు (నిజానికి ఇవి ఉబ్బిన సిరలే) కనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది, కనిపించకపోయినా లేదని కాదు.

నిలబడే పని అయితే అరగంటకోసారి మడమలు పైకెత్తి దించండి, పదిహేనుసార్లు చాలు. బీడీలు చుట్టేవారు మఠం విప్పి, కాళ్లు చాపి, పాదాలను ముందుకూ వెనక్కూ ఆడించి, గంటకోసారైనా లేచి నాలుగు అడుగులు వేయాలి. ఇంటికి వచ్చాక పడుకుని కాళ్లను గుండె కన్నా ఎత్తులో ఇరవై నిమిషాలు ఉంచండి. కుర్చీలో కూర్చుని స్టూలు మీద పాదాలు పెడితే ఆ ఎత్తు రాదు. గుండె జబ్బు లేనివారు రాత్రి మంచానికి కాళ్ల వైపు రెండేసి ఇటుకలు పెట్టుకోవచ్చు. భద్రకాళి చెరువు కట్ట మీదో, వడ్డేపల్లి కట్ట మీదో రోజూ అరగంట నడక ఏ మాత్రకూ తీసిపోదు.

బిగుతు మేజోళ్లు, అంటే కంప్రెషన్ స్టాకింగ్స్, బాగా పనిచేస్తాయి. ఉదయం మంచం దిగకముందే తొడగాలి, వాపు వచ్చాక తొడిగితే ప్రయోజనం తక్కువ. కొలత కూడా ఉదయమే తీయించుకోవాలి. వరంగల్ మే ఎండల్లో తొడ దాకా మేజోళ్లు వేసుకోమంటే ఎవరూ వేసుకోరు. చాలామందికి మోకాలి కింద దాకా ఉన్నవి సరిపోతాయి, పనివేళల్లో వేసుకున్నా మేలే.

ఒక హెచ్చరిక. నడుస్తుంటే పిక్క పట్టేసి ఆగితే తగ్గుతున్నా, పాదం చల్లబడుతున్నా అది గుండె నుంచి రక్తం తెచ్చే ధమనులు పూడుకుపోయిన లక్షణం కావచ్చు. సిరల బాధ నడిస్తే సాధారణంగా తేలికపడుతుంది, ధమనుల బాధ నడిస్తే పెరుగుతుంది. బీడీ, సిగరెట్ తాగేవారు, షుగర్ ఉన్నవారు డాక్టరు పాదంలో నాడి చూడకుండా బిగుతు మేజోళ్లు వేసుకుంటే పాదానికే ముప్పు.

రెండు కాళ్లూ ఉదయం కూడా ఉబ్బే ఉంటే

ఇక్కడ సిరల కన్నా ముందు గుండె, కిడ్నీ, కాలేయం, థైరాయిడ్ పరీక్షలు చూడాలి. ముఖం కూడా ఉబ్బినా, పడుకుంటే ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకండి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవారిలో చీలమండల వాపు తరచుగా కనిపిస్తుంది. ఆ మాత్రను మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకు చెబితే మారుస్తారు.

వాపు పాదం పైభాగానికి, వేళ్లకు కూడా పాకి, రెండో వేలి మొదట్లో చర్మం చిటికెతో పట్టుకోవడానికి రాకపోతే బోదకాలు లాంటి శోషరస నాళాల జబ్బును అనుమానించాలి. దాని వైద్యం వేరు.

చీలమండ పైన నలుపు, దురద, మానని పుండు

నిలిచిన రక్తం నుంచి ఎర్రకణాలు చర్మంలోకి ఊరి, వాటిలోని ఇనుము అక్కడ పేరుకోవడం వల్ల లోపలి చీలమండ పైన చర్మం గోధుమ రంగుకు, ఆపై నలుపుకు తిరుగుతుంది. దురద మొదలవగానే తామర అనుకుని ఏవేవో ఆయింట్‌మెంట్లు పూస్తారు. చర్మం పలచబడి, ఒక దోమ కాటుతోనో మంచం కోడు తగిలో చీలి పుండవుతుంది. పసుపు, ఆకు పసరు, పళ్లపొడి అద్దినంత మాత్రాన అది మానదు, కింద రక్తపు ఒత్తిడి తగ్గలేదు కదా. డాక్టరు పర్యవేక్షణలో పొరలు పొరలుగా బిగుతు కట్టు కడితే నెలల మీద మానుతుంది. మూలమైన సిరకు వైద్యం చేయకపోతే మళ్లీ వస్తుంది.

కాలి జబ్బు ఒళ్లంతటికీ పాకేది ఈ దశలోనే. పుండు నొప్పికి నడక మానేస్తారు, దాంతో బరువు, షుగర్ పెరుగుతాయి. పిక్క కదలక సిరల ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది. రాత్రి పిక్కలు పట్టేసి నిద్ర చెడుతుంది. పగిలిన చర్మం గుండా సూక్ష్మజీవులు దూరితే కాలు ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తుంది. అప్పుడు అదే రోజు డాక్టరును చూడాలి.

ఒక్క కాలు ఉన్నట్టుండి ఉబ్బితే

లోతు సిరలో రక్తం గడ్డకట్టిందేమో అని అనుమానించాలి. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఆ కాలికి నూనె పెట్టి మర్దన చేయకండి. పెద్ద ఆపరేషన్ అయినవారు, క్యాన్సర్ రోగులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, గల్ఫ్‌కు గంటల తరబడి విమానంలో కూర్చుని వెళ్లేవారు జాగ్రత్తగా ఉండాలి. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాల్లో గడ్డకట్టే ముప్పు ఎక్కువ. బాలింతను పక్క దిగనివ్వకపోవడం ప్రేమే కావచ్చు, కానీ మంచిది కాదు. డాక్టరు వద్దనకపోతే త్వరగా లేపి నడిపించండి.

ఉబ్బిన నరం చిట్లి రక్తం కారితే

వెంటనే పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో చిట్లిన చోటే పది నిమిషాలు వదలకుండా అదమండి. పైన తాడు బిగించకండి, సిరల రక్తస్రావం దానివల్ల పెరగవచ్చు. ఆగినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

స్కాన్, వైద్యం

తేల్చేది నాళాల్లో రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కాన్. కవాటాల సంగతి తెలియాలంటే రోగిని నిలబెట్టి చూడాలి, పడుకోబెట్టి మాత్రమే చూస్తే లోపం తప్పిపోవచ్చు. తర్వాత అవసరాన్ని బట్టి లేజర్, రేడియో తరంగాలు, నురుగు ఇంజెక్షన్ లేదా ఆపరేషన్. ‘ఆ నరం మూసేస్తే రక్తం ఎటు పోతుంది?’ అని అందరూ అడుగుతారు. కాలి రక్తంలో సుమారు 90 శాతాన్ని లోతు సిరలే మోస్తాయి. అవి బాగున్నాయని స్కాన్‌లో తేలాకే చెడిన పైసిరను మూస్తారు.

వరంగల్ ఎంజీఎంలో సర్జరీ ఓపీలో చూపించుకోవచ్చు. ప్రైవేటుకు వెళ్లేవారు ముందుగా అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి, డాక్టరు రాసిన చికిత్స ఆరోగ్యశ్రీ జాబితాలో ఉందో లేదో అడిగి, ఆ తర్వాతే డబ్బు కట్టండి.